కాల్చేవాళ్లకు మాత్రమే

జూన్ 3, మంగళవారం

ఇవాళ్టి నుంచి నేను సిగరెట్ కాలుస్తాను. అంటే కాల్చను. కాలుస్తానని చెబుతాను.

మా లాండ్రీ గోడ మీద బోర్డుంది. "పొగతాగువారు ఈల వేసినప్పుడు వెనక పెరట్లోకి వెళ్లి తాగి రావలెను. లోపల తాగినచో పని పోవును." ఎప్పుడో ఎవడో మహానుభావుడు ఆర్పని పీకను దుప్పట్ల కుప్పలో పారేస్తే సగం డ్రయ్యర్లు తగలబడ్డాయట. అప్పటి నుంచి ఇదే పద్ధతి. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి సూపర్‌వైజర్ ఈల వేస్తాడు. అందుకే ఆయన మాకు ఈల సార్. కాల్చేవాళ్లు పెరట్లో అరుగు మీద చల్లగాలికి కూర్చుంటారు. కాల్చనివాళ్లు లోపల ఆవిరిలో నిలబడి ఇస్త్రీ రోలర్లలోకి ఆసుపత్రి దుప్పట్లు తోస్తూ ఉంటారు. ఊపిరితిత్తులు తగలేసుకునేవాడికి గాలి, భద్రంగా దాచుకున్నదానికి ఆవిరి. ఎవడు కనిపెట్టాడో గానీ వాడి కాళ్లకి మొక్కాలి.

మా ఇస్త్రీ సెక్షన్‌లో అందరం ఆడవాళ్లమే. కుర్చీల్లేవు. మధ్యాహ్నానికి పెద్దక్క కాళ్లు చెప్పుల్లో పట్టవు. చుట్టరికం ఏమీ లేదు, మా అందరిలోకీ వయసులో పెద్దది కాబట్టి పెద్దక్క. నిన్న రోలర్ పక్క కమ్మీ పట్టుకుని తూలింది. ఈల సార్ చూసి, "నిలబడలేకపోతే చెప్పమ్మా, నిలబడేవాళ్లు గేటు బయట బోలెడుమంది" అన్నాడు. రాత్రంతా ఆ మాట నా బుర్రలో పురుగులా తొలిచింది.

ఇవాళ ఈల పడగానే, బాయిలర్ చూసుకునే ముసలాయన, మా బాయిలర్ బాబాయ్ చెవి మీదున్న సిగరెట్ లాగి నోట్లో పెట్టుకుని ఆయన వెనకే నడిచాను.

"ఎక్కడికి?" అన్నాడు ఈల సార్.

"కాల్చుకోవడానికి."

"నువ్వా? ఆడదానివై ఉండి..."

"బోర్డు మీద మగాళ్లని రాసుందా సార్? నాది ఏడో క్లాసు చదువు, సరిగ్గా కనపడలేదేమో. మీరోసారి చదివి పెట్టండి."

పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. పక్కకి జరిగాడు.

అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. అబ్బ!

జూన్ 5

పెద్దక్కని కూడా లాక్కెళ్లాను. సిగరెట్‌ని థర్మామీటర్ పట్టుకున్నట్టు పట్టుకుని, "ఇప్పుడేం చెయ్యాలే?" అంది.

"ఏమీ చెయ్యక్కర్లేదు. కూర్చో. కాలిపోవడం దాని పని."

"దగ్గొస్తేనో?"

"వస్తే మరీ మంచిది. ఎప్పటి నుంచో అలవాటనుకుంటారు."

చెప్పులు విప్పేసి, కాళ్లు అరుగు మీద పరుచుకుని, గోడకి జారగిలబడి కళ్లు మూసుకుంది. ఆవిడ మొహం అంత ఖాళీగా, అంత హాయిగా ఉండడం ఇన్నేళ్లలో చూడలేదు. సిగరెట్ మాత్రం ఫిల్టర్ వైపు వెలిగించింది. ఏం కంపో!

జూన్ 12

సెక్షన్ మొత్తం కాల్చేవాళ్లమైపోయాం. ఈల పడితే రోలర్లన్నీ ఆగుతున్నాయి.

"ఇంతలో ఇంతమంది ఎలా చెడిపోయారమ్మా?" అన్నాడు ఈల సార్, ఏడుపు గొంతుతో.

"సావాసం సార్."

బోర్డు పీకేద్దామంటే పెట్టించింది ఓనరు. ఓనరుని అడగాలంటే ఈయనకి చలిజ్వరం. మాలో అసలు సిసలు కాల్చేవాడు బాయిలర్ బాబాయ్ ఒక్కడే. "ఆడపిల్లలు నన్ను దోచేస్తున్నారు" అని గొణుగుతూనే పెట్టె చాపుతాడు.

జూన్ 13

గొంతులోకి పోనివ్వడం లేదు. నోట్లోకి తీసుకుని వదిలేయడమే. చూసేవాళ్లకి తేడా తెలియదు.

జూన్ 17

కొంచెం గొంతులోకి వెళ్లినా ఏమీ కాదు. నమ్మకంగా కనపడాలంటే మాలో ఎవరో ఒకరు సరిగ్గా కాల్చాలి కదా. ఆ బాధ్యత నేను తీసుకున్నాను.

జూన్ 20

అస్తమానం బాబాయ్‌ని అడగడం బాగోదని పెట్టె నేనే కొన్నాను. అందరి కోసం.

జూన్ 22, ఆదివారం

సెలవు. పొద్దున్నుంచీ చిరాకు. మా ఆయన గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి గయ్యిమన్నాను. వాతావరణం బాగోలేదు. సాయంత్రం బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లొచ్చాక మనసు కుదుటపడింది.

"ఇవాళ బట్టలు ఉతకలేదు కదా?" అన్నాడు మా ఆయన. ఆయనకి ప్రతిదీ కావాలి.

జూలై 2

మా ఆయన తాళాలు బాగు చేస్తాడు. పెళ్లికి ముందు ఇటుకబట్టీ గొట్టంలా పొగ వదిలేవాడు, పెళ్లయ్యాక మానేశాడు. అప్పటి నుంచీ కనపడినవాడికల్లా నీతిబోధ. ముక్కు మాత్రం పోలీసు కుక్క ముక్కు. ఇవాళ నా జుట్టు దగ్గర ఆగి, వాసన చూసి, గొంతు తగ్గించి, "ఎవడు వాడు?" అన్నాడు.

"ఎవడేమిటండీ?"

"సిగరెట్ కాల్చేవాడెవడో నీ పక్కపక్కనే తిరుగుతున్నాడు."

"ఓ, బాయిలర్ బాబాయా! కట్టుడు పళ్ల మనిషి."

"కట్టుడు పళ్లవాళ్లనే నమ్మకూడదు."

నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. పెళ్లానికి పరాయి మగాడున్నాడంటే ఒప్పుకుంటాడు గానీ, పెళ్లాం చేతిలో సిగరెట్ ఉందన్న ఆలోచన ఆయన బుర్రకి తట్టదు. నేనెందుకు చెప్పాలి? ఈ వయసులో నన్ను అనుమానించే మనిషి దొరకడం మాటలా? రేపటి నుంచి కాస్త పౌడరు కూడా రాసుకెళ్తా.

జూలై 4

నిజంగానే వచ్చాడు! ఈల పడిన కాసేపటికి పెరటి గోడ మీంచి మా ఆయన తల లేచింది. అరుగు నిండా ఆడవాళ్లు, అందరి చేతుల్లో సిగరెట్లు, మధ్యలో పళ్లు ఊడదీసి రుమాలుతో తుడుచుకుంటున్న బాబాయ్. మా ఆయన చెయ్యి చేసుకోవడానికి వచ్చాడు గానీ ఎవరి మీద చేసుకోవాలో తేలలేదు. నేను గోడ దగ్గరికెళ్లి బ్రేక్ సంగతీ, పెద్దక్క కాళ్ల సంగతీ చెప్పాను. గోడ పట్టుకుని పగలబడి నవ్వి, పెద్దక్కకి చెయ్యెత్తి నమస్కారం పెట్టి వెళ్లాడు.

ఇంటికొచ్చాక తింటూ తింటూ ఆగాడు.

"వాళ్లంతా నటిస్తున్నారు."

"అదే కదా చెప్పాను."

"నువ్వు బూడిద దులిపావు."

"దులిపితే?"

"చూడకుండా దులిపావు."

ఒళ్లు మండింది. తాళాలు చూసుకునే మనిషికి నా బూడిదతో ఏం పని? నేను బాగా నటిస్తాను, అంతే. స్కూల్లో నాటకం వేస్తే రాజుగారి వేషం నాకే ఇచ్చారు.

జూలై 15

బాబాయ్ మానేశాడు. డాక్టరు గట్టిగా చెప్పాడట. "డాక్టరు మాట అటుంచు తల్లీ, మీ అందరినీ వరసగా చూశాక ఇన్నాళ్లూ నేనిలా కనపడ్డానా అని సిగ్గేసింది" అన్నాడు.

కాల్చనివాడికి బ్రేక్ లేదు కాబట్టి ఇప్పుడు ఈల పడితే ఆయన బాయిలర్ దగ్గరే మాడుతున్నాడు.

"ఊరికే ఓ సిగరెట్ పట్టుకుని వచ్చెయ్ బాబాయ్" అన్నాను.

"పట్టుకుంటే కాలుస్తానమ్మా."

అంత బలహీనుడనుకోలేదు.

జూలై 28

ఆరోగ్య శాఖ నుంచి సర్వే పిల్ల వచ్చింది. ఎలాంటి జనం ఎక్కువ కాలుస్తారో లెక్క తీస్తుందట. వయసు, చదువు, పెళ్లి, జీతం, ఇంట్లో ఎవరు కాలుస్తారు, స్నేహితుల్లో ఎవరు కాలుస్తారు, అన్నీ అడుగుతుంది. ఈల సార్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిజం చెబితే బ్రేక్ గోవిందా, పెద్దక్క మళ్లీ కమ్మీ పట్టుకుని వేలాడాల్సిందే. అందరికీ కన్ను కొట్టాను.

పెద్దక్కతో మొదలుపెట్టింది.

"ఎప్పటి నుంచి కాలుస్తున్నారమ్మా?"

"ఊహ తెలిసినప్పటి నుంచీ."

"రోజుకి ఎన్ని?"

"ఈల ఎన్నిసార్లు వేస్తే అన్ని."

"మానాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"అమ్మో, మానితే కాళ్లు నొప్పులమ్మా!"

ఆ పిల్ల కలం ఆగిపోయింది. నేను గబగబా, "నరాల మీద పనిచేస్తుంది కదమ్మా" అన్నాను. రాసుకుంది.

తర్వాత బాబాయ్. తెల్ల మీసాలు, వేలిముద్ర చదువు, బాయిలర్ మసి. ఈయన తప్పకుండా కాలుస్తాడని అడక్కముందే కలం కదిలించింది.

"లేదమ్మా, మానేశాను."

"చుట్టూ ఇంతమంది ఆడవాళ్లు కాలుస్తుంటే ఎలా మానగలిగారు?"

"వీళ్లని చూసే."

నా వంతు వచ్చింది. "మీరు కాలుస్తారా ఆంటీ?" ఆంటీ ఏమిటి, నా మొహం! "కాలుస్తాను" అన్నాను, కొంచెం రాజసంగా. వెనక పెద్దక్క గర్వంగా చూసింది. నిన్నటి దాకా ఇది మా గొప్ప అబద్ధం. ఇవాళ చెబుతుంటే నాలుక ఎందుకు తడబడిందో. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, అదే అయి ఉంటుంది.

ఆగస్టు 6

సర్వే పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చింది. వాళ్ల లెక్క ప్రకారం కాల్చేది మగాళ్లే ఎక్కువట. అందులోనూ చదువు తక్కువైనవాళ్లు, బతుకు బరువైనవాళ్లు. మా దగ్గర అంతా తిరగబడింది. ఆడవాళ్లందరూ కాలుస్తారు, కాల్చని మనిషి ఒక్కడే, ఆయన ముసలి మగాడు.

"ఇంట్లో కూర్చుని రాసుకొచ్చావా అని మా సార్ తిట్టారు ఆంటీ."

పాపం అనిపించింది. అంతకంటే పెద్ద పాపం మధ్యాహ్నం మా నెత్తిన పడింది. ఆ లెక్క ఆసుపత్రి దాకా వెళ్లింది. రోగులు పడుకునే దుప్పట్లు ఉతికేవాళ్లంతా పొగరాయుళ్లా అని వాళ్లు ఓనరుకి ఫోన్ చేశారు. రేపటి నుంచి సిగరెట్ బంద్, ఈల బంద్, పెరటి తలుపుకి తాళం. ఆ తాళం బిగించడానికి పిలిచింది మా ఆయననే!

కాలుస్తామంటే బ్రేక్ లేదు. కాల్చం అంటే ఎప్పుడూ లేదు. నా తెలివి నా కాళ్లకే చుట్టుకుంది. నా కాళ్లకి కాదు, పెద్దక్క కాళ్లకి.

ఆవిడ నన్నొక్క మాట అనలేదు. పని దిగాక చెప్పులు తొడుక్కోబోయింది, పట్టలేదు. చేత్తో పట్టుకుని గేటు దాటింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 9

సర్వే పిల్లని గేటు దగ్గర పట్టుకున్నాను.

"ఉన్నపళంగా మాన్పించేస్తే మనుషులు ఏమైపోతారమ్మా?"

"అందుకే మాన్పించే క్లాసులు ఉంటాయి ఆంటీ. కాల్చాలని మనసు లాగినప్పుడు పని ఆపి బయటికెళ్లాలి. మంచినీళ్లు తాగాలి, కాసేపు గాలికి కూర్చోవాలి."

"కూర్చోవాలా?"

"తప్పనిసరిగా."

"బంగారుతల్లీ! ఆ ముక్క మా ఓనరుకి చెప్పు. ముందు ఆసుపత్రివాళ్లకి చెప్పు, వాళ్లు చెబితే ఈయన వింటాడు."

ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసింది. "ఆ పెద్దావిడ నిజంగా కాలుస్తారా?"

"ఘోరంగా."

"ఫిల్టర్ వైపు వెలిగిస్తున్నారు. మొన్న చూశాను."

"అది పాతకాలం పద్ధతి."

నవ్వు దాచుకోవడానికి బ్యాగులో ఏదో వెతికింది. నేననుకున్నంత అమాయకురాలేమీ కాదు.

ఆగస్టు 18

తాళం తీశారు! మా ఆయనే తీశాడు. బిగించినందుకు ఓసారి, తీసినందుకు ఓసారి కూలి పుచ్చుకుని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

కొత్త బోర్డు పెట్టారు. పొగ మానుతున్నవాళ్లకి రోజూ రెండుసార్లు బ్రేక్, కూర్చోవడానికి అరుగుతో పాటు కుర్చీలు కూడా. కుర్చీలు! వారానికోసారి సర్వే పిల్ల క్లాసు పెట్టి ఒక్కొక్కళ్లనీ ప్రశ్నలడుగుతుంది. ఇంకా మనసు లాగుతున్నవాళ్లు బ్రేక్‌లో ఉంటారు. పూర్తిగా మానేసినవాళ్లకి చప్పట్లు కొట్టి మళ్లీ మిషను దగ్గరికి పంపుతారు. అది ఈల సార్ పెట్టిన మెలిక.

అంటే మేము మానుతూ ఉండాలి. మానెయ్యకూడదు.

బాబాయ్ కూడా చేరాడు. "మానేశాను గానీ మళ్లీ లాగుతోంది" అన్నాడట. మా గుంపులో నిజం చెప్పి చేరినవాడు ఆయనొక్కడే.

ఆగస్టు 20

క్లాసులో ఏం చెప్పాలో అందరికీ నేర్పాను. అరుగు మీద వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కళ్లకీ ఒక్కో బాధ పంచాను.

"నువ్వు, పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే చెయ్యి దిండు కింద వెతుకుతుందని చెప్పు. నువ్వు, తిన్నాక ఏదో మర్చిపోయినట్టు ఉంటుందని చెప్పు. నీకు కారణం లేకుండా ఇంట్లోవాళ్ల మీద కోపం వస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. పెద్దక్కా, నీకేమో ఇంకెప్పుడూ ముట్టకూడదనుకుని మెట్లు దిగుతావు, కింద మెట్టు దగ్గరికొచ్చేసరికి ఆ అనుకున్నది వేరే ఎవరో అనుకున్నట్టు ఉంటుంది."

అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. పెద్దక్క నెమ్మదిగా, "ఇవన్నీ నీకెలా తెలుసే?" అంది.

"కల్పించాను."

"భలే కల్పించావు" అంది. కానీ నవ్వలేదు.

ఆగస్టు 22

ఇవాళ క్లాసు. అందరూ అప్పజెప్పేశారు, తడబడకుండా. పెద్దక్క మెట్ల సంగతి చెబుతుంటే ఈల సార్ కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ జన్మలో ఓ దమ్ము లాగి ఎరగదు.

నా వంతు వచ్చింది. సర్వే పిల్ల, "మీకెలా ఉంటుంది ఆంటీ?" అంది. ఏదో ఒకటి కల్పించబోయాను. కల్పించినవన్నీ పంచేశాను. మిగిలినవి కల్పించినవి కావు.

పెద్దక్క చూస్తోంది. బాబాయ్ చూస్తున్నాడు.

"నాకేముంటుంది? ఏమీ లేదు. ఎప్పుడో మానేశాను" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఈల సార్ లేచి నిలబడి కొట్టాడు.

ఆగస్టు 23

బ్రేక్‌లో రోలర్ దగ్గర నేనొక్కదాన్నే. పెరట్లోంచి నవ్వులు వినపడుతున్నాయి. ఏం నవ్వుతారో.

ఆగస్టు 25

దుప్పటి తోసి మర్చిపోయాను. రోలర్ కింద చిక్కుకుని గోధుమరంగు మచ్చ పడింది. ఈల సార్ మచ్చ కేసి చూశాడు, నా కేసి చూశాడు. "వయసైపోతోందా?" అన్నాడు. ఇదివరకైతే ఎవరైనా ఆ మాట అంటే వాడి పనిపట్టేదాన్ని. ఇవాళ మచ్చ పడ్డ దుప్పటి మడతపెట్టి పక్కన పడేశాను. దొడ్లో చాటుగా కాల్చుకుందామన్నా వీల్లేదు, గేటు దగ్గర కాపలావాడు జేబులు చూస్తున్నాడు.

సాయంత్రం గేటు బయట మూల తిరగ్గానే ఒకటి కొని వెలిగించాను. పెద్దక్క వెనకే వచ్చిందని తెలియదు.

"ఇక్కడ ఈల సార్ లేడే" అంది. "ఎవరికోసం నటిస్తున్నావు?"

నేను పొగ మింగేశాను.

"మాకు అబద్ధాలు చెప్పించి కుర్చీలు తెచ్చావు. నీ కుర్చీకి మాత్రం నిజం చెప్పాల్సి వచ్చింది. అది మాత్రం నీ వల్ల కాలేదు." నా చేతిలోంచి సిగరెట్ తీసుకుని కాసేపు చూసి, చెప్పు కింద వేసి నలిపింది. అప్పుడు కూడా చెప్పు సగమే పట్టింది ఆవిడకి. "రేపు బ్రేక్‌లో నీ మిషను దగ్గర నేను నిలబడతా. నువ్వెళ్లి కూర్చో."

"నీకేమైనా పిచ్చా? ఆ కాళ్లతోనా?"

"అయితే క్లాసులో నోరు తెరు."

ఆగస్టు 26

అన్నంత పనీ చేసింది. ఈల పడగానే వచ్చి నా రోలర్ ముందు నిలబడింది. నేను కదల్లేదు. ఇద్దరం పక్కపక్కన నిలబడి దుప్పట్లు తోశాం. ఖాళీ కుర్చీలు రెండు పెరట్లో. మొండి మనిషి. చీలమండలు దిండ్లలా ఉన్నాయి, మొహం మాత్రం తిప్పదు.

ఆగస్టు 29

క్లాసులో చెయ్యెత్తాను.

"మీరు మానేశారు కదా ఆంటీ?"

"మానేశాను. మళ్లీ మొదలైంది."

"ఎప్పుడు?"

"మానక ముందు నుంచే."

గదిలో ఎవరూ నవ్వలేదు, దొంగమొహాలు. నేనే నవ్వాను ముందు. తర్వాత ముక్కు కారింది. సర్వే పిల్ల కలం కింద పెట్టేసి మొదటిసారి "అక్కా" అంది. కాల్చాలనిపించినప్పుడు నమలడానికి మందు బిళ్లలు ఇచ్చింది, బంకలా ఉంటాయి. నా వెనక పెద్దక్క, నా వీపు మీద చిన్నగా గుద్ది, "నాక్కూడా రెండియ్యమ్మా, నాకు మరీ లాగుతోంది" అంది. నమిలి ఎక్కిళ్లతో చచ్చింది.

సెప్టెంబర్ 1

మా ఆయన, "ఏం నములుతున్నావు?" అన్నాడు.

"పళ్లకి మంచిదట."

"మొదటి నెలే కష్టం" అన్నాడు, బాగు చేస్తున్న తాళంలోంచి తలెత్తకుండా. గ్లాసు మాత్రం చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

పళ్లకి మొదటి నెల కష్టమేమిటో.

సెప్టెంబర్ 4

నిన్న ఒకటి కాల్చాను. ఇవాళ లేదు. ఇవాళ ఇంకా అయిపోలేదు.

సెప్టెంబర్ 12

క్లాసులో అందరి ప్రగతీ చదివింది. పెద్దక్క పట్టుదల చాలా మెచ్చుకోదగ్గదట, కోరిక తగ్గుతోందట, అయినా ఇంకా చాలాకాలం బ్రేక్ అవసరమట. బాబాయ్ కూడా బాగా చేస్తున్నాడట. మా సెక్షన్ అంతా ఒకరిని మించి ఒకరట. నా దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల గొంతు సవరించుకుని, "మీరు కొంచెం వెనకబడ్డారక్కా, వాళ్లని చూసి నేర్చుకోండి" అంది.

అందరూ నా వైపు జాలిగా చూశారు. నిజంగా మానుతున్నది నేనూ బాబాయ్ ఇద్దరమే, అయినా మిగతావాళ్లంతా నాకంటే బాగా మానుతున్నారు.